17 ఏళ్ల సారు

పోయిన నెల ల్యాబ్‌లో ఒక డౌట్ వచ్చింది. నెగెటివ్ వెయిట్స్ ఉంటే డైక్‌స్ట్రా ఆల్గారిథం ఎందుకు తప్పుతుంది? అడగబోయి ఆగిపోయా. పరీక్షకు రాదు కదా అని పక్కవాళ్లు నవ్వుతారని. ఆ వారంలోనే డిరోజియో గురించి చదివాను.

హెన్రీ లూయీ వివియన్ డిరోజియో 1809లో కలకత్తాలో పుట్టాడు. పోర్చుగీసు మూలాలున్న కుటుంబం. డ్రమ్మండ్ అనే స్కాట్లాండ్ మాస్టారి బడిలో 14 ఏళ్ల దాకా చదివాడు, అంతే. తర్వాత గుమాస్తా పని, కొన్నాళ్లు భాగల్‌పూర్‌లో నీలిమందు ఫ్యాక్టరీ. అక్కడే కవిత్వం రాసి పేపర్లకు పంపేవాడు. 1826లో హిందూ కాలేజీలో టీచరయ్యాడు. వయసు 17! నేను ఆ వయసులో ఎంసెట్ మాక్ టెస్టులు రాస్తున్నా.

చెప్పింది ఇంగ్లిష్ సాహిత్యం, చరిత్ర. కానీ క్లాసు అక్కడితో ఆగేది కాదు. దేవుడి మీద హ్యూమ్ వేసిన ప్రశ్నలు చదివించాడు, వాటికి రీడ్, స్టీవార్ట్ ఇచ్చిన జవాబులూ చదివించాడు. తేల్చుకోవడం పిల్లలకే వదిలేశాడు. 1828లో అకడమిక్ అసోసియేషన్ మొదలైంది. మాణిక్‌తలాలో ఒక తోట ఇంట్లో కూర్చుని విధిరాత, విగ్రహారాధన, పూజారుల పెత్తనం, ఇలా అన్నిటి మీదా వాదించుకునేవాళ్లు. ఆయన శిష్యుడు రసిక్ కృష్ణ మల్లిక్ అయితే కోర్టులో గంగ మీద ప్రమాణం చేయనన్నాడు.

ఊరు ఊరుకోలేదు. దేవుడు లేడంటాడట, అమ్మానాన్నల్ని గౌరవించక్కర్లేదంటాడట, అన్నాచెల్లెళ్లు పెళ్లి చేసుకోవచ్చంటాడట అని పుకార్లు. తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించడం మొదలుపెట్టారు. 1831 ఏప్రిల్‌లో కాలేజీ కమిటీ కూర్చుంది. ఆయన టీచరుగా పనికిరాడని మెజారిటీ ఒప్పుకోలేదు. అయినా ఊళ్లో పరిస్థితి బాగాలేదని తీసేయాలనుకున్నారు. నాకు కోపం తెప్పించింది ఇదే. తప్పు తేలలేదు, ఆయన్ని పిలిచి అడగనూ లేదు. డిరోజియో రాజీనామా ఇచ్చేశాడు. తర్వాత ఆ పుకార్లకు ఒక్కోదానికీ ఉత్తరంలో జవాబు రాశాడు.

శిష్యులు అందరూ బుద్ధిమంతులేం కాదు. ఆ ఆగస్టులో కొందరు గొడ్డుమాంసం తిని ఎముకలు పక్కింట్లోకి విసిరారు. ప్రశ్నించడం వేరు, పక్కవాళ్లని ఏడిపించడం వేరు కదా. ఇంకోవైపు రాధానాథ్ సిక్దార్ అదే ఏడాది సర్వేలో చేరాడు. అక్కడ ఆయన పోస్టు పేరే కంప్యూటర్, సీఎస్ఈ వాళ్లు గమనించండి! ఎవరెస్టు ఎత్తు లెక్కల్లో ఆయన చెయ్యి ఉంది.

ఉద్యోగం పోయాక డిరోజియో ఈస్ట్ ఇండియన్ అనే పత్రిక నడిపాడు. డిసెంబర్ 26న కలరాతో పోయాడు. 22 ఏళ్లు. సమాధి పార్క్ స్ట్రీట్ శ్మశానంలో ఉంది.

నా డౌట్ ఇంకా రికార్డు బుక్ వెనక పేజీలోనే ఉంది. సోమవారం మళ్లీ ల్యాబ్.