ప్రవక్తను చిత్రించిన సన్యాసి

ఇటలీ దేశంలోని ఫ్లారెన్సు నగరంలో అకాడెమియా అనే చిత్రశాల ఉంది. మైకెలాంజిలో మలచిన దావీదు శిల్పాన్ని చూడడానికి జనం అక్కడికి తండోపతండాలుగా వస్తారు. అదే చిత్రశాలలో బైబిలు ప్రవక్త యెషయా తైలవర్ణచిత్రం ఒకటి ఉన్నది. 1516 ప్రాంతంలో దానిని కొయ్యపలకపై చిత్రించిన ఫ్రా బర్తొలొమ్మేయో జీవితాన్ని విద్యార్థి మిత్రులకు పరిచయం చేయదలచాము.

ఆయన 1472 ప్రాంతంలో ప్రాటో పట్టణ సమీపాన జన్మించాడు. ఇల్లు నగరద్వారం చెంత ఉండడం వల్ల ఆయనను బాచ్చో దెల్లా పోర్తా, అనగా ద్వారం దగ్గరి బాచ్చో అని పిలిచేవారు. బాల్యంలోనే కోసిమో రోస్సెల్లి వద్ద శిష్యుడుగా చేరి చిత్రకళ అభ్యసించాడు. తోటి శిష్యుడు ఆల్బర్తినెల్లి తరువాత ఆయనకు వృత్తిలో భాగస్వామి అయ్యాడు.

ఆ రోజులలో సవనరోలా అనే సన్యాసి ఉపన్యాసాలు ఫ్లారెన్సును కుదిపివేశాయి. విలాసవస్తువులను అగ్నికి అర్పించవలెనని ఆయన బోధించాడు. నగర కూడలిలో రగిలిన ఆ మంటలో బాచ్చో తాను గీసిన నగ్నదేహాల రేఖాచిత్రాలను స్వయంగా వేశాడని చరిత్రకారుడు వసారి వ్రాశాడు. 1498లో అదే కూడలిలో సవనరోలాను ఉరితీసి దహనం చేశారు. 1500లో బాచ్చో డొమినికన్ మఠంలో చేరి సన్యసించాడు, కుంచె విడిచాడు. ఆయన సగంలో వదలిన అంతిమ తీర్పు కుడ్యచిత్రాన్ని ఆల్బర్తినెల్లి పూర్తిచేశాడు.

నాలుగేండ్లు గడిచాయి. 1504లో మఠాధికారుల ఆదేశాన్ని శిరసావహించి ఆయన తిరిగి చిత్రరచనకు పూనుకొన్నాడు. యువకుడైన రఫేలుతో స్నేహం కుదిరింది. 1508లో వెనిస్ వెళ్ళి అక్కడి వర్ణవైభవాన్ని పరిశీలించాడు. పిదప రోము నగరంలో మైకెలాంజిలో చిత్రించిన ప్రవక్తలను దర్శించాడు.

ఆ యాత్రాఫలమే యెషయా చిత్రం. ఒక వర్తకుడు దేవాలయానికై కోరిన చిత్రసముదాయంలో మధ్య క్రీస్తు, ఇరుప్రక్కల యెషయా, యోబు ఉండేవారు. ఈ యోబునే మనలో పలువురు అయ్యూబ్ ప్రవక్తగా ఎరుగుదురు. ఈనాడు క్రీస్తు చిత్రం పిట్టి ప్రాసాదంలోను, ప్రవక్తలిద్దరూ అకాడెమియాలోను ఉన్నారు.

యెషయా ధరించిన బరువైన వస్త్రాల క్రింద బలిష్ఠమైన దేహం మనకు స్పష్టంగా తెలుస్తుంది. దేహనిర్మాణాన్ని ఏండ్ల తరబడి అభ్యసించిన చేతికే అది సాధ్యం. కాగితాలు కాలిపోయినా, వాటిపై సాధించిన విద్య కాలిపోలేదు. అయినను ఆ మంటను మనం మెచ్చుకోలేము; అందులో పోయిన చిత్రాలను ఎవరూ తిరిగి తేలేరు.

1517లో, నలభై అయిదేండ్ల ప్రాయంలో ఆయన మరణించాడు. భక్తి నిమిత్తం కళను దహించిన చేయే, ఆ భక్తితోనే కళకు తిరిగి ప్రాణం పోసింది. విద్యను త్యజించడం కన్న, దానిని ఉత్తమ లక్ష్యానికి వినియోగించడమే కష్టతరమనీ, శ్రేయస్కరమనీ ఈ జీవితం వల్ల మనం గ్రహిస్తున్నాము.