మూడవ సాలార్‌జంగు

రామగిరి చుట్టుపట్ల రాతిని తవ్వి బంగారమును తీసిన దినములు గలవు. రాతిలో రేణువులుగా దాగియుండు ఆ లోహము నిపుణుని చేతికి చిక్కినచో నెంతటి శోభను వహించునో హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియమున చూడవచ్చును. అచ్చట ఫ్రాన్సు దేశపు వస్తువులలో బంగారు మలాము చేసిన కంచు పనితనమును, మీనాపనియు నేటికిని తళతళలాడుచున్నవి. వానిని కూర్చినవారు నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్, మూడవ సాలార్‌జంగు.

వారు 1889 జూన్ 13వ తేదీన పూనాలో జన్మించిరి. నెల తిరుగకమునుపే తండ్రి గతించెను. నిజాం ప్రభువు మహబూబ్ అలీఖాన్ సంరక్షణలో ఆ బిడ్డ పెరిగెను. తాతయు, తండ్రియు హైదరాబాదు రాజ్యమునకు దివానులు. ఆ పదవియే 1912లో, 23 ఏండ్ల వయస్సున, వీరిని వరించెను. రెండేండ్లు దాటగనే, 1914లో, దానిని విడిచిరి. వివాహమాడలేదు. శేషజీవితమును కళావస్తు సేకరణకే ధారపోసిరి.

ఈ అభిరుచి వంశమున వచ్చినది. ముసుగులోని ముఖము పాలరాతిలోనే కనుపించు రెబెక్కా విగ్రహమును తాతగారు 1876లో రోము నగరమున కొనిరి. మనుమడు దేశదేశముల వర్తకులతో సంబంధము పెట్టుకొని, దివాన్ దేవిడీ భవనమును వస్తువులతో నింపివైచిరి.

వానిలో ఫ్రెంచి పనితనము ప్రత్యేకముగా గమనింపదగినది. పదునైదవ, పదునారవ లూయీ రాజుల కాలపు పనివారు బంగారమును పాదరసముతో కలిపి ముద్దచేసి, కంచుపై పూసి, నిప్పుపై కాచెడివారు. పాదరసము ఆవిరియై పోగా బంగారము కంచును అంటుకొని నిలిచెడిది. ఆ ఆవిరి విషము. అది పీల్చి ఎందరో పనివారు రోగపీడితులైరి. మీనాపనికి రంగు గాజుపొడిని లోహముపై పరచి కొలిమిలో కరగించెడివారు. వేడి తప్పినచో పనియంతయు చెడును. రాజుల మేజాలపై మెరసిన కాంతి వెనుక నిట్టి కష్టము గలదు.

ఈ వస్తువులు కొనుటకైన ధనమునకును మూలము శ్రమయే. నవాబుగారి ఐశ్వర్యము జాగీరు గ్రామములనుండి వచ్చిన రాబడి. రైతు చెల్లించిన శిస్తే గడియారమై, కూజాయై, గ్రంథమై దేవిడీ చేరెను. కాని ఆ రైతునకు దేవిడీలో అడుగిడి వానిని చూచు యోగము లేకుండెను.

1949 మార్చి 2వ తేదీన నవాబుగారు పరమపదించిరి. సంతానము లేదు. ఆ సంవత్సరముననే హైదరాబాదులో జాగీర్లు రద్దయ్యెను. నలువది ఏండ్ల కూర్పు వారసుల పంపకములలో చెదరిపోవుట కెంతయో అవకాశముండెను. అట్లు జరుగలేదు. 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూగారు దేవిడీలోనే మ్యూజియమును ప్రారంభించిరి. 1958లో హైకోర్టు రాజీ మూలమున బంధువులు సేకరణమును జాతికి సమర్పించిరి. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా ప్రకటించెను. 1968లో మూసీ తీరమునందలి నూతన భవనమునకు తరలింపబడెను.

సుమారు 43,000 కళావస్తువులతోపాటు 50,000 గ్రంథములును, వ్రాతప్రతులును ఆ సంపదలో గలవు. ఒకనాడు నవాబుగారి ఇంట బీరువాలలో నుండిన పుస్తకములు నేడు జాతి సొత్తు. శిస్తు కట్టిన రైతుల మనుమలు ఆ మందిరమున ప్రవేశించి, తాతల చెమటతో కొన్న బంగారు కాంతిని కన్నులార చూచుచున్నారు.