అతి సంయుక్త సంఖ్యల ఆవిష్కర్త శ్రీనివాస రామానుజన్

(డిసెంబరు 22 జాతీయ గణిత దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

విశ్వవిఖ్యాత గణిత శాస్త్రవేత్త శ్రీనివాస రామానుజన్ 1887 డిసెంబరు 22న నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఈరోడులో, మాతామహుల ఇంట జన్మించారు. తండ్రి కుంభకోణంలో చీరల దుకాణంలో గుమాస్తా. గణితం మినహా ఇతర పాఠ్యాంశాలపై శ్రద్ధ లేకపోవడంతో రామానుజన్ ఉపకార వేతనం కోల్పోయారు, ఎఫ్.ఎ. పరీక్షలో ఉత్తీర్ణులు కాలేకపోయారు. ఉపకార వేతనం కోల్పోయిన మనస్తాపంతో 1905లో ఇంట చెప్పకుండా విశాఖపట్నం వెళ్లిపోయారు.

1910లో ఆయన నెల్లూరు కలెక్టరు, గణితాభిమాని ఆర్. రామచంద్రరావును ఆశ్రయించారు. ఆయన నెలకు రూ.25 చొప్పున కొంతకాలం ఆదుకున్నారు. 1912 మార్చిలో రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టులో రూ.30 జీతంపై గుమాస్తాగా చేరారు. కాగితం కొనుగోలు భారమై పలకపైనే లెక్కలు చేసి, మోచేతితో చెరిపివేసి, తుది ఫలితాన్ని మాత్రమే పుస్తకంలోకి ఎక్కించేవారు. 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని జి.హెచ్. హార్డీకి వ్రాసిన లేఖ ఫలించి, 1914 మార్చి 17న ఇంగ్లండుకు నౌకలో బయలుదేరారు.

రామానుజన్ అనగానే అందరికీ 1729 స్ఫురిస్తుంది. అయితే ఆయనకు పట్టా సంపాదించి పెట్టినవి వేరే సంఖ్యలు. తనకంటే చిన్నదైన ఏ సంఖ్యకూ లేనన్ని భాజకాలు గల సంఖ్యను ఆయన అతి సంయుక్త సంఖ్యగా వర్గీకరించారు. ఉదాహరణకు 12కు 1, 2, 3, 4, 6, 12 అనే ఆరు భాజకాలున్నాయి; అంతకు చిన్న సంఖ్యల్లో దేనికీ ఆరు లేవు. ఇటువంటి సంఖ్యను ప్రధాన సంఖ్యల లబ్ధంగా వ్రాసినప్పుడు 2 నుండి వరుసగా ప్రతి ప్రధాన సంఖ్యా ఉంటుందని, వాటి ఘాతాలు క్రమంగా పెరగవని, 4, 36 మినహా అన్నింటిలోనూ చివరి ఘాతం 1 మాత్రమేనని ఆయన నిరూపించారు.

1915లో లండన్ మేథమెటికల్ సొసైటీ ప్రచురించిన వ్యాసంలో ఇటువంటి 102 సంఖ్యల పట్టిక ఉంది. చివరిది 6,74,632 కోట్ల 83 లక్షల 88 వేల 800. దీనికి 10,080 భాజకాలు. గణన యంత్రాలు లేని రోజుల్లో చేతితో సిద్ధం చేసిన ఆ పట్టికలో ఒకే ఒక్క సంఖ్య తప్పిపోయింది. అది 29,331 కోట్ల 86 లక్షల 25 వేల 600, భాజకాలు 5,040. విచిత్రమేమంటే, దానిని 23తో గుణిస్తే పట్టికలోని చివరి సంఖ్యే వస్తుంది.

ఈ పరిశోధనకే 1916 మార్చిలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు బి.ఎ. పట్టా ప్రదానం చేసింది. ఎఫ్.ఎ. గట్టెక్కని విద్యార్థికి అది తొలి పట్టా. 1918లో రాయల్ సొసైటీ ఫెలోగా, అదే ఏడాది ట్రినిటీ కళాశాల ఫెలోగా ఎన్నికయ్యారు. యుద్ధకాలంలో శాకాహారం దొరకడం కష్టమై, 1917 నుండి అనారోగ్యం ఆయనను వదలలేదు. 1919లో స్వదేశం చేరి, 1920 ఏప్రిల్ 26న మద్రాసులో 32వ ఏట కన్నుమూశారు.

సొసైటీ ఆర్థిక ఇబ్బందుల వల్ల 1915లో ముద్రణకు నోచుకోని ఆ వ్యాసం మిగతా భాగం 1997లో వెలుగుచూసింది.