ఫారన్‌హీటు

డేనియల్ గేబ్రియల్ ఫారన్‌హీటు 1686లో బాల్టిక్ తీరమందలి డాన్‌జిగ్ నగరమున జన్మించెను. 1701లో విషపు పుట్టగొడుగులు తిని తల్లిదండ్రులిరువురును ఒకేదినమున మరణించిరి. సంరక్షకులు బాలుని వర్తకము నేర్చుటకై ఆమ్‌స్టర్‌డామునకు పంపిరి. అతని మనస్సు మాత్రము గాజుగొట్టములపై నిలిచెను.

ఆ కాలపు ఉష్ణమాపకములు ఒకే నీటిలో ముంచినను వేర్వేరు లెక్కలు చూపెడివి. ఫారన్‌హీటు మంచుగడ్డ, నీరు, నవాసాగరముల మిశ్రమపు చల్లదనమును సున్నగాను, మంచు తేలుచున్న నీటిని 32గాను, ఆరోగ్యవంతుని శరీరోష్ణమును 96గాను నిర్ణయించి గీతలు గీచెను. సారాయికి మారుగా పాదరసము నింపెను. అతడు చేసిన రెండు పరికరములను ప్రక్కప్రక్కన నుంచినచో ఒకే లెక్క చూపెడివి.

1721లో గాలి తీసిన గాజుబుడ్లలో వాననీటిని చలిలో నుంచెను. 32 కన్న మిక్కిలి చల్లబడియు నీరు గడ్డకట్టలేదు! ఒక బుడ్డిని పట్టుకొని మెట్లెక్కుచు తడబడెను. ఆ కుదుపునకే నీరంతయు మంచుపలుకులతో నిండెను. మెట్లపై తడబడనివారెవరు? అతడు దానినిగూడ వ్రాసి లండను రాయల్ సొసైటీకి పంపెను. 1724లో ఆ సొసైటీ అతనిని సభ్యునిగా చేర్చుకొనెను. 1736లో, ఏబదియేండ్లకే, హేగు నగరమున మరణించెను.