ఇటలీ దేశభక్తుడు జోసెఫ్ మాజినీ

1815వ సంవత్సరమున, నెపోలియను పతనానంతరము, వియన్నా నగరమున సమావేశమైన రాజులును మంత్రులును ఐరోపా భూమిని తమలో తాము పంచుకొనిరి. ఏ జనులు ఏ భాష మాటలాడుదురు, ఎవరి పాలనమును కోరుదురు అను విచారము వారి కంతగా లేదు. ఆ పంపకమున మిక్కిలి నష్టపడినవారిలో ఇటలీ జనులొకరు. లొంబార్డీ, వెనిస్ ప్రాంతములు ఆస్ట్రియా చక్రవర్తి వశమయ్యెను. నడుమ పోపుగారి రాజ్యము, దక్షిణమున నేపుల్సు రాజు, వాయవ్యమున సార్డీనియా రాజు, వీరి సందులలో చిన్న చిన్న డ్యూకులు. శతాబ్దముల తరబడి గణరాజ్యముగ వెలిగిన జెనోవా నగరమును, ఆ నగరవాసుల నడుగకయే, సార్డీనియా రాజున కప్పగించిరి. ఆ జెనోవాలో 1805 జూన్ 22వ తేదీన జోసెఫ్ మాజినీ జన్మించెను.

తండ్రి వైద్యుడు, విశ్వవిద్యాలయమున శరీరశాస్త్రము బోధించువాడు. తల్లి మరియా దృఢచిత్తము గల ఇల్లాలు. 1821లో పీడ్మాంటు ప్రాంతమున చెలరేగిన తిరుగుబాటు విఫలమై, ఓడినవారు ఓడలెక్కి పరదేశములకు పోవుటకై జెనోవా రేవునకు చేరుచుండిరి. పదునారేండ్లు నిండని మాజినీ ఒకనాడు తల్లితో వీథిని నడచుచుండగా వారిలో నొకడు ఎదురై, ఇటలీ నిర్వాసితులకై ధర్మము చేయుడని చేయి చాచెను. తల్లి కొంత సొమ్మిచ్చి సాగిపోయెను గాని, బాలుని మనస్సు మాత్రము అచ్చటనే నిలిచిపోయెను. నాటినుండి అతడు నల్లని దుస్తులు ధరింపసాగెను. స్వదేశమునకై పట్టిన ఆ అశౌచమును అతడు జీవితాంతము విడువలేదు.

న్యాయశాస్త్రపట్టము పుచ్చుకొని అతడు పేదల వ్యాజ్యములు వాదించెను. కార్బొనారీ అను రహస్యసంఘమున చేరెను. 1830 నవంబరులో పోలీసులు పట్టుకొని సవోనా కోటలో నుంచిరి. కుమారుని నేరమేమని తండ్రి విచారింపగా, తెలివి కలిగి, తన ఆలోచన యేమో బయటపెట్టని యువకుడు ప్రభుత్వమునకు గిట్టడని గవర్నరు బదులు చెప్పెనట! ఆ గదికి గల కిటికీనుండి సముద్రమును ఆకాశమును మాత్రమే కానవచ్చుచుండెను. బైబిలు, రోమను చరిత్రకారుడు టాసిటసు గ్రంథము, బైరను కావ్యములు అతనికి తోడు. గ్రంథాలయసంచికలో ఈ సంగతి చెప్పకుండ విడువరాదు: ఆ మూడు పుస్తకములతో గడపిన కొలదినెలలలోనే అతని జీవితకార్యక్రమము రూపొందినది. చీకటి గదులలోని ప్రమాణములు, సంకేతముల వలన దేశము లేవదనియు, ప్రజల ముందు నిలువబెట్టదగిన సిద్ధాంతమొకటి కావలెననియు అతడు నిశ్చయించుకొనెను. నేరము రుజువు కాలేదు. అయినను, ఏదేని చిన్న ఊరిలో పోలీసు కనుసన్నల నుండుటయో, దేశమును విడుచుటయో కోరుకొమ్మనిరి. అతడు రెండవదానినే కోరుకొనెను.

1831లో, ఫ్రాన్సుదేశపు మార్సేల్స్ రేవున, యువ ఇటలీ అను సంఘము వెలసెను. నలువదియేండ్లు దాటినవారికి సాధారణముగ అందు ప్రవేశము లేదు. ఇటలీ యంతయు ఒక్కటి కావలెను, స్వతంత్రము కావలెను, రాజులేని గణరాజ్యము కావలెను. ఈ మాటలు ముద్రించిన పత్రికలను తారు పీపాలలో దాచి ఓడలపై పంపుచుండిరి. పీపా తెరచినవాడు ఒకటి చదివి పదుగురికి చేర్చుచుండెను.

కాని దీనికి పెట్టిన వెల యెట్టిది? 1833లో పీడ్మాంటు సైన్యములోని కుట్ర బయటపడెను. పండ్రెండుగురు ప్రాణములు కోల్పోయిరి. మాజినీకి బాల్యమునుండి ప్రాణస్నేహితుడైన జాకొపో రుఫీనీ, మిత్రుల పేర్లు తననోట వెలువడకుండుటకై, చెరసాలలో తన ప్రాణమును తానే తీసికొనెను. మాజినీకి సయితము, పరోక్షమున, మరణశిక్ష విధించిరి. మరుసటియేడు సవాయి ప్రాంతముపై నడపిన దండయాత్ర నవ్వులపాలయ్యెను. స్విట్జర్లండులో దాగియున్న మాజినీని 1836 శీతకాలమున ఘోరమైన సంశయము పట్టుకొనెను. ఇతరుల బిడ్డలను చావునకు పంపుటకు తనకేమి యధికారము? తన సిద్ధాంతమంతయు అహంకారము మాత్రమేనా? కొన్నాళ్ళు మతి చలించునేమో యన్నంతగా ఆయన క్రుంగిపోయెను. తుదకు జీవితము సుఖమునకు గాక కర్తవ్యమునకే యేర్పడినదను నిశ్చయముతో తేరుకొనెను. ఈ సమాధానము ఆయనకు చాలినది. ఆ తల్లులకు చాలినదో లేదో వేరు ప్రశ్న. ఆయనను పూజించువారు ఈ శీతకాలమును దాటవేసి చదువుదురు గాని, నా దృష్టిలో ఆయన చరిత్రమంతటిలో గొప్ప ఘట్టమిదియే.

1837లో లండను చేరెను. ఒకప్పుడు కోటును, చెప్పులను గూడ కుదువబెట్టి దినము గడపవలసివచ్చెను. బ్రతుకుతెరువునకై పత్రికలకు వ్యాసములు వ్రాయుచు, లండను వీథులలో పెట్టెవాద్యము త్రిప్పుచు యాచించు ఇటలీ బాలురకై 1841లో ఉచిత రాత్రిపాఠశాల స్థాపించి, తానును బోధించెను. 1844లో తన జాబులను ప్రభుత్వమువారు విప్పి చదువుచున్నారని అనుమానము కలుగగా, కవరులలో గసగసాలు, వెండ్రుకలు ఉంచి పరీక్షించి నిజము తెలిసికొనెను. పార్లమెంటులో పెద్ద గగ్గోలు పుట్టెను. ఆ జూలైలోనే, మాజినీ వలదన్నను వినక దక్షిణ ఇటలీపై దిగిన బందియేరా సోదరులను కాల్చి చంపిరి. జాబులలోని రహస్యమే వారి చావునకు మూలమని అనేకులు నమ్మిరి.

1848లో ఐరోపాయంతయు అట్టుడికినట్లు ఉడికెను. పోపు రోమునగరము విడిచి పోయెను; 1849 ఫిబ్రవరిలో అచ్చట గణరాజ్యమేర్పడెను. పాలకులైన మువ్వురిలో మాజినీ యొకడు. జీవితమున ఆయన చేత అధికారమున్నది ఆ నూరుదినములే. మరణశిక్ష రద్దయ్యెను, పత్రికలకు స్వేచ్ఛ లభించెను, మతవిచారణ సభవారి భవనము ఇల్లులేని పేదలకు నివాసముగ నిర్ణయింపబడెను. పాలకుడు మాత్రము ఒక్క గదిలో కాపురముండి, సామాన్యపు పూటకూళ్ళ యింట భుజించుచుండెను. ఫ్రాన్సు సైన్యము వచ్చి ముట్టడింపగా గారిబాల్డీ వీరోచితముగ పోరాడెను గాని, జూలై 3వ తేదీన నగరము పడిపోయెను. ఆ పోరాటమున గాయపడి మరణించిన ఇరువదియొక్కయేండ్ల కవి గొఫ్రెడో మమేలీ గీతమే నేడు ఇటలీ జాతీయగీతము.

తరువాతి కథ మాజినీది కాదు. సార్డీనియా మంత్రి కావూరు రాజనీతియు, ఫ్రాన్సు చక్రవర్తి సాయమును, గారిబాల్డీ ఖడ్గమును కలిసి 1861లో ఇటలీ రాజ్యమును నిర్మించెను. దుక్కి దున్నినవాడొకడు, పంట ఇంటికి చేర్చుకొన్నవాడు వేరొకడు. అయితే ఒకమాట: పట్టణములలోని విద్యావంతులైన యువకుల నాకర్షించినంతగా పొలములోని రైతును మాజినీ పిలుపు కదిలింపలేదు. ఆ లోపము లేకున్నచో ఏమి జరిగెడిదో! 1866లో మెస్సీనా పట్టణము ఆయనను శాసనసభకు ఎన్నుకొనగా, పాత మరణశిక్షను చూపి ఆ ఎన్నికను కొట్టివేసిరి.

1860లో గ్రంథరూపము పొందిన మానవధర్మములు అను పుస్తకమున, హక్కులకంటె కర్తవ్యము ముందనియు, దేశముకంటె మానవజాతి పెద్దదనియు ఆయన కార్మికులకు బోధించెను. 1834లోనే జర్మను, పోలిషు నిర్వాసితులతో కలిసి యువ యూరపు సంఘము స్థాపించినవాడు గనుక, పరజాతిద్వేషము ఆయన దేశభక్తికి పొసగదు. ఈ మాటలు మనదేశమునకును చేరినవి. లాలా లజపతిరాయి ఉర్దూలో ఆయన జీవితము వ్రాసెను. 1907లో సావర్కరు మరాఠీలో వెలువరించిన గ్రంథమును ప్రభుత్వము నిషేధించెను. గాంధీజీ 1909లో వ్రాసిన హింద్ స్వరాజ్‌లో మాజినీ కోరిన ఇటలీ వేరు, ఏర్పడిన ఇటలీ వేరని వివరించి, చదువదగిన గ్రంథముల పట్టికలో మానవధర్మములను చేర్చెను.

1870లో రోము ఇటలీలో కలిసెను. ఆ యేడే మాజినీ సిసిలీలో పట్టుబడి, గయేటా కోటలో కొన్నివారములు బంధింపబడెను. రాజు క్షమాభిక్షతో విడుదలైనను, రాజరికముతో ఆయన రాజీపడలేదు. తుదిరోజులలో పీసానగరమున ఒక మిత్రుని యింట, బ్రౌన్ అను ఇంగ్లీషుపేరుతో తలదాచుకొనెను. 1872 మార్చి 10వ తేదీన అచ్చటనే కన్నుమూసెను. భౌతికకాయమును జెనోవాకు కొనిపోయి స్టాల్యేనో శ్మశానవాటికలో ఖననము చేసిరి. బ్రతికియుండగా మారుపేరుతో తిరిగిన ఊళ్ళనుండి, అంత్యయాత్రకు జనులు వేలకువేలుగ వచ్చిరి.