అధికారమును మరలనిచ్చిన సేనాని

యుద్ధమునందు జయించిన సేనాపతులను చరిత్ర వేలకొలదిగా నెరుగును. జయించిన పిదప తమ చేతనున్న సేనను, అధికారమును, వానిని తమకిచ్చిన వారికే మరల నొప్పగించి యింటికి బోయినవారు మాత్రము వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమందియే. అట్టివారిలో అమెరికా స్వాతంత్ర్య సమరమును నడపిన జార్జి వాషింగ్టను అగ్రగణ్యుడు. మేమిచట నాతని జీవితమును స్మరించుట విజయములను లెక్కించుటకు గాదు. ఆయుధబలము గల మనుష్యుడు, తన్ను వారింపగలవా రెవ్వరును లేని సమయమున నెట్లు ప్రవర్తించెనో పరిశీలించుటయే మా యుద్దేశము. ఆతడు నిలిచిన తావులనే గాక తప్పిన తావులనుగూడ చెప్పుదుము.

వాషింగ్టను 1732 ఫిబ్రవరి 22 వ తేదీన వర్జీనియా వలసరాష్ట్రమున భూవసతి గల కుటుంబమునందు జనించెను. పదునొకండవయేట తండ్రి గతించెను. అన్నలవలె ఇంగ్లండునకు బోయి చదువుకొను భాగ్య మాతనికి లేకపోయెను. భూముల కొలత నేర్చి, పదునేడవయేట సర్వేయరు ఉద్యోగమున ప్రవేశించి, కొండలలోను అడవులలోను గొలుసు పట్టి తిరిగెను. పిమ్మట వర్జీనియా సేనలో చేరి, 1754 లో ఇరువదిరెండేండ్ల ప్రాయమున ఫ్రెంచివారితో పోరి, నెసెసిటీ యను చిన్నకోటలో చిక్కుపడి జులై 3 వ తేదీన లొంగిపోయెను. ఆనాడాతడు చేవ్రాలు చేసిన పత్రము ఫ్రెంచిభాషలో నుండెను. ఆ భాష ఆతనికి రాదు. అంతకుముందు జరిగిన పోరులో మడిసిన జూమన్విల్లు అను ఫ్రెంచి యధికారిని హత్యచేసినట్లు దానిలో నొప్పుకోలు గలదు. దుబాసీ తప్పుగా చెప్పెనని ఆతడు పిమ్మట వాదించెను గాని, చేవ్రాలు చెరుగలేదు. చదువని పత్రముపై చేవ్రాలుచేసి చిక్కులుపడిన వారిని మన పల్లెలలో నెరుగనివారుండరు. మాటయందును, పత్రమునందును, లెక్కయందును జాగరూకత ఆతని తరువాతి జీవితమంతటను గానవచ్చును.

1755 లో బ్రాడ్డాకు సేనాని యోడిన యుద్ధమున ఆతని క్రింద రెండు గుఱ్ఱములు కూలినవి. కోటును నాలుగు గుండ్లు చీల్చినవి. ఆతనికి గాయమైన తగులలేదు. 1759 లో మార్తా యను సంపన్న వితంతువును వివాహమాడి, మౌంటు వెర్నను అను తన యెస్టేటునందు వ్యవసాయము చేయుచు, వర్జీనియా శాసనసభలో సభ్యుడుగా నుండెను.

ఇంగ్లండు రాజుతో వైరము ముదిరినపుడు పదుమూడు వలసల కాంగ్రెసు 1775 జూను 15 వ తేదీన ఆతనిని సర్వసేనాధిపతిగా నెన్నుకొనెను. నెలకు 500 డాలర్లు నిర్ణయింపగా ఆతడు జీతము వలదనియు, ఖర్చులు మాత్రము లెక్క చూపి తీసికొందుననియు చెప్పెను. చెప్పినట్లే యెనిమిదేండ్ల ఖర్చుల లెక్కను తన చేవ్రాతతో వ్రాసి 1783 లో కాంగ్రెసునకు సమర్పించెను. 1775 లోనే కెనడాపైకి దండు పంపునపుడు, అచటి కేథలిక్కుల మతమును గౌరవింపవలెననియు, ప్రజల సొత్తును ముట్టరాదనియు నాజ్ఞాపించెను. నవంబరులో తన శిబిరమున పోపుబొమ్మను తగులబెట్టు ఆచారమును నిషేధించెను. ఎవరి స్నేహమును గోరుచున్నామో వారి మతమును పరిహసించుట యవివేకమని ఆతడు గ్రహించెను.

1776 లో న్యూయార్కు ప్రాంతమున ఓటమిమీద ఓటమి గలిగి సేన కరగిపోవుచుండెను. ఆ క్రిస్మసు రాత్రి ఇంచుమించు 2,400 మందితో మంచుగడ్డలు కొట్టుకొనిపోవు డెలావేరు నదిని దాటి, మరునాడు ట్రెంటనులో ఇంగ్లండు రాజు కూలికి తెచ్చిన హెస్సె దేశపు సైనికులను దాదాపు 900 మందిని పట్టుకొనెను. ఆ కాలమున న్యూయార్కులో బ్రిటిషువారి చెరనున్న అమెరికనులు ఆకలిచేతను, జ్వరములచేతను నశించుచుండిరి. యుద్ధము ముగియులోగా అచటి చెరనావలలో వేలమంది మరణించిరి. పగ తీర్చుకొనుటకు కారణమును గలదు, అవకాశమును గలదు. ఐనను ఖైదీలను దయతో చూడవలెననియు, మనవారిని శత్రువు పెట్టిన బాధలను మనము పెట్టరాదనియు వాషింగ్టను ఉత్తరువు చేసెను. ఆ హెస్సెవారిలో పలువురు యుద్ధానంతరము అమెరికాలోనే నిలిచిపోయి కాపురములు చేసికొనిరి.

1777 డిసెంబరులో సేన వాలీఫోర్జి యను చోట విడిసెను. ఆ శీతకాలమున చలిచేతను రోగములచేతను ఇంచుమించు రెండువేలమంది సైనికులు మడిసిరి. చుట్టుపట్ల రైతుల గాదెలలో ధాన్యముండెను. దానిని బలవంతముగా తీసికొనుటకు కాంగ్రెసు ఆతనికి అధికారమిచ్చెను. మొగమాటపడుచున్నాడని మందలించెను గూడ. దిక్కులేక కొన్నిసార్లాతడు ధాన్యమును, పశువులను తీసికొనక తప్పలేదు. అట్టియెడల రసీదు లిప్పించెను. కాని దోపిడి మరగిన సేన ఎవరి స్వేచ్ఛకై పోరుచున్నదో వారికే శత్రువగునని ఆతని భయము. ఈ యధికారమును వాడుటలో ఆతడు చూపిన సంకోచమును మేము దౌర్బల్యమనజాలము.

తన సొత్తు విషయమున మాత్రమాతనికి సంకోచము లేదు. 1781 ఏప్రిలులో ఒక బ్రిటిషు యుద్ధనౌక నదిలో మౌంటు వెర్నను దగ్గరకు వచ్చెను. ఎస్టేటు వ్యవహారములు చూచుచున్న బంధువు లండ్ వాషింగ్టను, ఇల్లు తగులబెట్టుదురని భయపడి, నౌకకు ఆహారపదార్థములు తీసికొనిపోయి యిచ్చెను. ఇల్లు నిలిచినది. ఈ వార్త విని సేనాని సంతోషింపలేదు. శత్రువునకు తిండిపెట్టి నిలుపుకొనుటకంటె ఇల్లు బూడిదయైన వార్త తనకు మేలుగా నుండెడిదని బంధువును మందలించుచు జాబు వ్రాసెను. అన్యుల గాదెను విడిచి, తన యింటిని బలియిడ సిద్ధపడుట మేము మెచ్చు గుణము.

ఆ సంవత్సరము అక్టోబరు 19 వ తేదీన యార్కుటౌనులో కారన్వాలిసు సేన ఆతనికిని, ఫ్రెంచివారికిని లొంగిపోయెను. ఈ కారన్వాలిసే 1786 లో గవర్నరు జనరలుగా మన దేశమునకు వచ్చి 1793 లో వంగదేశమున శాశ్వత పైసలా చేసినవాడు. అది 1802 తరువాత మన ఉత్తర సర్కారులలోను ప్రవేశించి, 1948 నాటి ఎస్టేట్ల రద్దు శాసనముతో అంతరించెను. ఆ పైసలాక్రింద మన తాతముత్తాతలు కట్టిన పేష్కషులకును యార్కుటౌను పొలములకును ఇట్టి సంబంధమొకటి గలదు.

విజయమువెంటనే పరీక్ష వచ్చెను. 1782 ఏప్రిలులో రాజపక్షమువారు హడ్డీ యను అమెరికను కెప్టెనును విచారణలేక ఉరితీసిరి. ఆ దోషిని శత్రువులు అప్పగింపనందున, బదులుగా ఒక బ్రిటిషు ఖైదీని ఉరితీయుదునని వాషింగ్టను ప్రకటించెను. లొంగుబాటు షరతులచే రక్షింపబడనివానిని చూడుమని మొదట చెప్పెను గాని, అట్టివాడు దొరకనందున రక్షితులలోనే చీట్లు వేయుట కనుమతించెను. ఇంచుమించు ఇరువదియేండ్ల ఆస్గిల్ అను కెప్టెను పేర చీటి వచ్చెను. ఆతడే నేరమును చేయలేదు. వాషింగ్టను మనస్సు కలతపడెను, నెలలు గడపెను, వ్యవహారమును కాంగ్రెసునకు విడిచెను. ఆ యువకుని తల్లి ఫ్రెంచి మంత్రిని వేడుకొనగా, ఫ్రెంచి రాజదంపతుల ప్రేరణమున మంత్రి వ్రాసిన జాబుపై నవంబరులో కాంగ్రెసు ఆతనిని విడుదల చేసెను. ప్రాణము దక్కినది గాని, షరతును మీరుట కొడంబడిన దోషము సేనానిదే. కోపము న్యాయమైనదైనను మాట తప్పుటకు సమాధానము కానేరదు.

ఆ మే నెలలోనే నికోలా యను కర్నలు, ఆతడు రాజగుట మేలని సూచించుచు జాబు వ్రాయగా ఆతడు కఠినముగా తిరస్కరించెను. 1783 మార్చిలో ఇంతకన్న ఘోరమైన యాపద సంభవించెను. జీతములందక విసిగిన అధికారులు న్యూబర్గు శిబిరమున కాంగ్రెసును బెదిరింప నాలోచించుచుండిరి. వారి ఫిర్యాదు న్యాయమైనదే. ఆతడు మార్చి 15 వ తేదీన వారి సభకు బోయి, శాసనకర్తలపై కత్తి దూయవలదని బోధించెను. మాటలు వారి హృదయములకు తగులలేదు. పిదప ఒక జాబును చదువబోయి, తడబడి, కొలదిమందియే యెరిగిన కండ్లద్దములను తీసి పెట్టుకొని, తాను దేశసేవలోనే తల నెరసి చూపు తగ్గించుకొంటినని క్షమాపణముగా చెప్పెను. అధికారులు కన్నీరు పెట్టుకొనిరి. కుట్ర యంతటితో నణగెను. ఆ సంవత్సరము డిసెంబరు 23 వ తేదీన అన్నపోలిసు నగరమున కాంగ్రెసు నెదుట నిలిచి, అధికారపత్రమును మరలనిచ్చి, మరునాటికి ఇల్లు చేరెను. 1789 లో దేశము మరల పిలువగా ప్రథమాధ్యక్షుడై రెండు తడవలు పనిచేసి 1797 లో విరమించెను. 1799 డిసెంబరు 14 వ తేదీన మరణించెను.

ఇక నాతని చరిత్రమునందలి చీకటి. 1779 లో శత్రుపక్షము వహించిన ఇరోక్వాయి జాతులపైకి ఆతడు పంపిన సేన నలువదికి పైగా గ్రామములను, పైరులను, తోటలను కాల్చివేసెను. హెస్సెవారికి లభించిన దయ వీరికి లభింపలేదు. ఊళ్ళను నాశనముచేయువాడని వారాతనికి పేరుపెట్టిరి. స్వేచ్ఛకై పోరిన యీతడు జీవితాంతము బానిసల యజమానుడు. 1781 లో పైన చెప్పిన నౌక నెక్కి యాతని యెస్టేటునుండి పదునేడుగురు బానిసలు పారిపోయిరి. వారు వెదకిన స్వేచ్ఛ శత్రునౌకయందే కనబడెను. 1796 లో ఇల్లు విడిచిన ఓనా జడ్జి యను దాసిని పట్టి తెప్పింప నాతడు ప్రయత్నించెను. చివరకు 1799 నాటి మరణశాసనమున తన స్వంత బానిసలను, 123 మందిని, భార్యానంతరము విడువవలెనని వ్రాసెను. ఆమె 1801 జనవరిలోనే వారిని విడిచెను. ఆతని మనస్సాక్షి మేల్కొన్నది గాని, ఆలస్యముగా మేల్కొన్నది.

ఈ రెండు పక్షములను త్రాసునబెట్టి చూచినపుడు మాకు తోచున దిది. తన సమానులును, తనకు పైవారును చూచుచుండగా వాషింగ్టను ధర్మము చెక్కుచెదరలేదు. తన క్రిందివారును, తన జాతికి వెలుపలివారును ఎదుట నిలిచినపుడు తడబడెను. సేనానికి మాత్రమే యిది పరీక్షయని మేమనుకొనము. పాలేరును, రైతును, నౌకరును చేతిక్రింద నుంచుకొన్న ప్రతి గృహస్థునకును కొంత సేనాధిపత్యము గలదు. మన మాటకెదురాడలేని వారియెడ మన నడవడి యెట్టిదో ఎవరికివారు చూచుకొనుటకు ఈ చరిత్రము తోడ్పడునేని దీనిని వ్రాసిన ఫలము దక్కినట్లే.