కొలువునుండి కళకు: రాజా దీనదయాళు జీవితము

ప్రభుత్వోద్యోగము చేయుచు తీరిక వేళలందు ఒక కళను సాధించినవారు మన దేశమున పెక్కురు కలరు. కాని ఆ తీరికవేళల పనియే క్రమముగా జీవనాధారమై, నెలనెల జీతమునిచ్చు కొలువును విడుచుటకు వలసిన ధైర్యమును కలిగించుట మిక్కిలి అరుదు. పందొమ్మిదవ శతాబ్దపు భారతీయ ఛాయాగ్రాహకులలో అగ్రగణ్యుడైన రాజా లాలా దీనదయాళు జీవితము అట్టి అరుదైన కథ. నిజాము ఆస్థానమున రాజా బిరుదు పొందక పూర్వము ఆయన మరామతు శాఖలో అంచనాలు వేయుచు, పటములు గీయుచు కాలము గడపిన ఉద్యోగి యన్న సంగతి నేడు చాలమందికి తెలియదు.

దీనదయాళు 1844లో మీరట్టునకు సమీపముననున్న సర్ధనా పట్టణమున ఒక జైన కుటుంబమున జన్మించెను. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో శిక్షణ పొంది, 1866లో ఇండోరు నగరమున మరామతు శాఖా కార్యాలయములో ప్రధానాంచనాదారుగను, పటలేఖకుడుగను ప్రవేశించెను. గోడ పొడవెంత, కమాను ఎత్తెంత, రాతికెంత, సున్నమునకెంత అని లెక్కించుట ఆయన నిత్యకృత్యము. కట్టడమును చూచినంతనే దాని కొలతలు కంటికి తోచునట్టి అభ్యాసము ఆ కొలువులోనే అలవడినది. తరువాతి కాలమున ఆయన తీసిన కోటలు, దేవళములు, రాజభవనముల చిత్రములలో స్తంభములు నిటారుగ నిలిచి, దూరము దగ్గరలు తేటపడుచుండుటకు ఈ అభ్యాసమే మూలమని తలంపవచ్చును.

సుమారు 1874 ప్రాంతమున ఆయన కెమెరా చేపట్టెను. ఆనాడు ఫొటో తీయుట నేటివలె సులభము కాదు. గాజుపలకపై కొలోడియన్ అను జిగురుద్రవమును సమముగ పోసి, చీకటిలో వెండి లవణపు నీటిలో ముంచి, ఆ తడి ఆరకమునుపే కెమెరాలో నుంచి చిత్రము తీసి, వెంటనే రసాయనములతో కడిగి బింబమును వెలికి తీయవలెను. ఇదంతయు పది పదునైదు నిమిషములలో ముగియవలెను. ఎండ మిక్కుటమైన మధ్యభారతమున తడి మరింత త్వరగా ఆరిపోవును. ఊరు దాటి పోవునపుడు గాజుపలకలు, సీసాలు, నీటికుండలు, చీకటిగుడారము వెంట మోయించుకొనిపోవలెను. అటుపిమ్మట గ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితముపై ఆ గాజుపలకనుంచి, ఎండలో పెట్టి ప్రతులు తీయవలెను.

ఈ పనికంతటికిని ప్రధానమైన సరకు సూర్యకాంతి. విద్యుద్దీపములు లేని ఆ కాలమున, మనిషి ముఖమును గాజుపలకపై నిలుపుటకైనను, ప్రతి తీయుటకైనను పగటి వెలుతురు తప్ప మరొక ఆధారము లేదు. కార్యాలయము కోరునదియు ఆ పగటినే. కవియైన ఉద్యోగి రాత్రి దీపము ముందు కూర్చుండి పద్యము వ్రాసికొనవచ్చును. గాయకుడు తెల్లవారుజామున సాధన చేయవచ్చును. ఛాయాగ్రాహకునికి ఆ వెసులుబాటు లేదు. కొలువున్నంతకాలము కళకు మిగులునవి ప్రాతఃకాలపు కొద్ది గడియలు, సెలవు దినములు మాత్రమే. ఈ చిక్కును దాదాపు పదేండ్లు భరించుచు, కొలువును కళను రెంటిని ఆయన నడపుకొనివచ్చెను.

అదృష్టవశమున ఇండోరున ఆయనకు మంచి ఆదరణ లభించినది. మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు ఆయన పనిని మెచ్చెను. మధ్యభారతమున గవర్నరు జనరలు ప్రతినిధియైన సర్ హెన్రీ డేలీ ప్రోత్సహించెను. వేల్సు యువరాజు 1875-76లో భారతదేశమును సందర్శించినపుడు చిత్రములు తీయు అవకాశము దీనదయాళునకు దక్కినది. 1882-83లో డేలీ తరువాతి ప్రతినిధి సర్ లెపెల్ గ్రిఫిన్ బుందేలుఖండమున పర్యటించుచు ఆయనను వెంట తీసికొనిపోయెను. ఆ పర్యటన ఫలితముగ మధ్యభారతమునందలి ప్రసిద్ధ కట్టడముల చిత్రసంపుటము 1886లో వెలువడినది.

పేరు పెరిగినకొలది పిలుపులు పెరిగినవి. ప్రతి పిలుపునకును ఉద్యోగి సెలవు కోరవలెను. ఇక్కడనే దీనదయాళు వివేకము కానవచ్చుచున్నది. ఆయన ఒక్కమారుగ కొలువును విడువలేదు. మొదట దీర్ఘకాలపు సెలవు తీసికొని, పూర్తి కాలము ఛాయాగ్రహణమున గడపి, ఆ పని కుటుంబమును పోషింపగలదో లేదో చూచుకొనెను. 1885లో వైస్రాయి డఫరిన్ ప్రభువు ఆయనను తన ఛాయాగ్రాహకునిగ నియమించెను. ఆ కాలముననే ఆయన కొలువునుండి శాశ్వతముగ తొలగెను. అప్పటికాయన వయస్సు నలువది దాటినది. అనేకులు ఇక మిగిలిన సర్వీసు లెక్కించుకొను ఆ వయస్సున ఆయన నూతన జీవితమారంభించెను. అంచనాలు వేయుటయే వృత్తిగా గలవాడు తన బ్రతుకునకు సంబంధించిన అంచనాను గూడ తొందరపడక వేసికొనెనని చెప్పవలెను.

1886లో సికిందరాబాదున ఆయన స్టూడియో వెలసినది. చోటు ఎన్నికయు ఆలోచించి చేసినదే. ఒకవైపు హైదరాబాదులో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ దర్బారు, ఆయన అమీరులు; మరొకవైపు సికిందరాబాదు దండులోని ఆంగ్లేయాధికారులు, వారి కుటుంబములు. సముద్రముల కావల నున్న తల్లిదండ్రులకు తమ రూపము పంపుకొన గోరు సైనికులకు ఫొటో విలాసవస్తువు కాదు, ఉత్తరమువంటి అవసరము. రాజభవనముల చిత్రములు కీర్తిని తేగా, ఇట్లు కూర్చుండి తీయించుకొనువారి ముఖచిత్రములే దినవెచ్చము గడపినవని ఊహించుట కష్టము కాదు.

ముఖచిత్రము తీయుటలో కష్టము వేరు. కట్టడము కదలదు, మనిషి కదలును. కొన్ని క్షణములపాటు రెప్ప వేయక, ఊపిరి బిగబట్టి కూర్చుండవలసిన వానిముఖము సహజముగ బిగిసిపోవును. దానిని సడలించి, ఆ మనిషి నిత్యము ఉండు తీరును రాబట్టుటయే ఛాయాగ్రాహకుని నేర్పు. దీనదయాళు చిత్రములలో నవాబులు సింహాసనమున ప్రతిష్ఠించిన విగ్రహములవలె గాక, ఆలోచనలో నున్న మనుష్యులవలె కనిపింతురు.

ఆ కాలమున పరదా పాటించు స్త్రీలు పరపురుషుని కెమెరా ముందు కూర్చుండుట సాధ్యము కాదు. వారు ఫొటో తీయించుకొనకుండుట న్యాయమని ఆయన అనుకొనలేదు. 1892లో హైదరాబాదున స్త్రీలకు ప్రత్యేకముగ ఒక జనానా స్టూడియోను నెలకొల్పి, దాని నిర్వహణము ఒక ఆంగ్ల మహిళకు అప్పగించెను. పరాయి కన్ను పడకుండ చుట్టును ఎత్తైన ప్రాకారము కట్టించెను. వ్యాపారదృష్టితో చూచినను ఇది తెలివైన పనియే. కాని ఆచారమును ధిక్కరింపక, దాని లోపలనే స్త్రీలకొక ద్వారము తెరచుట అంతకంటె గొప్ప విషయము.

పిదప గౌరవములు వరుసగ వచ్చినవి. నిజాము ఆయనను రాజా బిరుదుతోను, చిత్రకారుడను అర్థము నిచ్చు ముసవ్విర్ జంగ్ బిరుదుతోను సత్కరించెను. 1896లో బొంబాయిలో మరొక స్టూడియో తెరవబడినది. 1897లో విక్టోరియా రాణి ఛాయాగ్రాహకుడను హోదా లభించినది. 1902లో కర్జను ప్రభువు దంపతులు నిజాము రాజ్యమునకు వచ్చి ఓరుగల్లు సీమలోని నెక్కొండ దగ్గర వేటాడినపుడు తీసిన చిత్రము మిక్కిలి ప్రసిద్ధి చెందినది. కుమారులు జ్ఞానచందు, ధర్మచందు తండ్రికి చేదోడుగ నిలిచిరి. అయితే 1904లో ధర్మచందు మరణించెను. మరుసటి సంవత్సరమే, 1905 జూలై 5వ తేదీన దీనదయాళు తనువు చాలించెను.

ఆయన పలకలపై వరుససంఖ్యలు వ్రాయించెడివాడు. ఏ చిత్రము ఎప్పుడు కోరినను మరల ప్రతి తీసి ఇచ్చుటకు ఇది తోడ్పడినది. కళాకారులలో అరుదైన ఈ క్రమశిక్షణ కార్యాలయములో దస్త్రములు భద్రపరచినవానికి సహజము. ఆయన పలకలలో 2,857 గాజు నెగెటివులను 1989లో న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రము సేకరించినది. 2006లో భారత తపాలా శాఖ ఆయన స్మృత్యర్థము తపాలా బిళ్ళను విడుదల చేసినది.

ఆ గాజుపలకలలోని రాజ్యములు పోయినవి, దర్బారులు ముగిసినవి. ఇండోరు కార్యాలయమున ఆయన వేసిన అంచనాలు నేడెవరికిని అక్కరలేదు. కాని ఆ అంచనాలు నేర్పిన ఓర్పు, కొలత, క్రమము ప్రతి పలకలోను నిలిచియున్నవి. కొలువు ఆయన పగటిని తీసికొన్నది నిజమే. మిగిలిన కొద్దిపాటి వెలుతురును వ్యర్థము చేయకుండ వాడుకొను విద్యను నేర్పినదియు ఆ కొలువే.